నూరెకరాలకు కిలో ఆముదం

మా ప్రయోగశాల తలుపుకు ఒక బోర్డు ఉంది. "తలకు నూనె రాసుకున్నవారికి ప్రవేశం లేదు" అని ఎర్ర అక్షరాలతో రాయించింది నేనే. మంత్రి వచ్చినా ఇదే మాట, ఆయన డ్రైవర్ వచ్చినా ఇదే మాట. ఒకసారి కలెక్టరుగారిని వరండాలోనే నిలబెట్టి, కిటికీలోంచి ప్రయోగం చూపించి పంపేశాను. పొగరనుకున్నవాళ్ళు అనుకున్నారు. నాకది పొగరు కాదు, లెక్క. ఒక చెంచా నూనె కదలని నీటి మీద పడితే అరెకరం దాకా పాకుతుంది. నా తొట్టి జానెడు వెడల్పు, మూరెడు పొడవు. ఒక వెంట్రుక కొసన ఉన్న జిడ్డు చాలు, మూడు నెలల పని మంటగలవడానికి.

నా పేరు వకుళ. నీటి పైపొర మీద ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాను. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు, ఈ కరువు జిల్లాలో ఆ శాస్త్రానికి నేనొక్కదాన్నే దిక్కు. అంత మాత్రాన నన్ను తక్కువ చేసుకోను. పెద్ద నగరాల్లో, పెద్ద యంత్రాలతో చెయ్యలేకపోయిన పనిని నేను చేశాను. మా ఇంట్లో నాతో సహా పెద్దవాళ్ళెవరూ తలకు నూనె పెట్టరు. పోపు వేసిన రోజు చీర మార్చుకునిగానీ బయలుదేరను. "నీ తల చూస్తే టెంకాయ పీచు మాదిరుందమ్మా" అని మా అత్తగారు రుక్మిణమ్మ రోజూ అంటుంది. పీచైతే పీచే, నా తొట్టి శుభ్రంగా ఉంటే చాలు.

నేను చేసినది ఒక నీలి రంగు. నలభై విఫలమయ్యాక నలభై ఒకటోది కుదిరింది కాబట్టి నీలి-41 అని పిలుచుకున్నాం. దాని అణువుకు ఒక కొస నీళ్ళంటే ఇష్టం, రెండో కొసకు నీళ్ళంటే పడదు. అందుకే నీటిలో కలిపితే అణువులు అడుగున ఉండలేక పైకి ఎగబాకి, నీటికీ గాలికీ మధ్య వరసగా నిలబడతాయి. అన్నీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటే ఒక్క అణువు మందాన పొర ఏర్పడుతుంది. దాన్ని దాటి నీరు ఆవిరి కాలేదు. గాలికి చిరిగినా, వాన చినుక్కి చిల్లు పడినా తనంతట తనే అతుక్కుంటుంది.

ఎవరైనా చూడటానికి వస్తే రెండు తొట్లు రెండు త్రాసుల మీద పెట్టి, పైన వేడి దీపాలు వెలిగించేదాన్ని. ఒకటి ఉత్త నీళ్ళు, రెండోది నీలిపొర ఉన్నది. గంటలో మొదటి త్రాసు ముల్లు చూస్తూ ఉండగానే దిగిపోయేది. రెండోది మేకు కొట్టినట్టు నిలిచేది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎనభై మూడు సార్లు అలాగే నిలిచింది. ఒక్క చిక్కు మాత్రం ఉండేది. పొద్దున పెట్టిన తొట్లలో పొర కట్టేది, మధ్యాహ్నం పెట్టిన తొట్లలో కట్టేది కాదు. ఉదయపు చల్లదనమే కారణమని నేను రెండు పేజీల సమీకరణాలు రాసి అచ్చు వేయించాను. చదివినవాళ్ళంతా ఒప్పుకున్నారు.

ఆ తొట్లు కడిగేది ఓబుళమ్మ. యాభై రెండేళ్ళ మనిషి, భర్త లేడు. మా ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని బొమ్మగుండ్లపల్లి నుంచి ఏడు గంటల బస్సుకు వచ్చేది. ఇల్లరికపు అల్లుడు, కూతురు నాగవేణి, డిసెంబరు మొదట్లో పుట్టిన మనవడు, ఇదీ ఆమె ఇల్లు. చేతికి తొడుగులు వేసుకుని తొట్టిని మూడు సార్లు స్పిరిట్‌తో, మూడు సార్లు శుద్ధజలంతో కడిగేది. తడి తొడుగులు జారతాయని, చివర ఎత్తి త్రాసు మీద పెట్టేటప్పుడు మాత్రం తీసేసేది. ఆమెలాగా తొట్టి కడిగే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మొదటి చెరువుగా మేము ఎంచుకున్నది కూడా బొమ్మగుండ్లపల్లిదే. నూరెకరాల చెరువు, ఊరంతా తాగే నీళ్ళు అవే. ఆ చెరువులో మనుషులు ఒక పాలు తాగితే, ఎండ రెండు పాళ్ళు తాగుతుంది. ఏప్రిల్ పదో తేదీ నాటికి అందులో ముప్పై రోజుల నీళ్ళు ఉన్నాయి. పొర పరిచి ఎండ నోరు కట్టేస్తే అవే నీళ్ళు తొంభై రోజులు వస్తాయి. వాన జూన్ చివరికిగానీ రాదు. చిన్నపిల్లలు చేసే లెక్కే ఇది. ఊరు నిలవాలంటే పొర పడాలి.

తొమ్మిదో తేదీ సాయంత్రం ఇంతియాజ్ నా గదిలోకి వచ్చాడు. యంత్రాలన్నీ చూసుకునే మనిషి, నాకంటే మూడేళ్ళు పెద్ద, మాట్లాడేది తక్కువ.

"మేడం, కొత్త యంత్రంలో మూడో నంబరు తొట్టిని పరీక్షించినా. అంచు మీద కొవ్వు ఉంది."

"కొవ్వా? నా తొట్టి మీదా?"

"చానా తక్కువే. అయితే ఉంది. ఈ యంత్రం వచ్చి వారమే కదా, ఇంతకు ముందు మనం వెతకనే లేదు. ఎప్పట్నించి ఉందో ఏమో. కొంచెం నిదానంగా చూస్తే మేలు."

నిదానం నా జాతకంలో లేదు. మర్నాడు చెరువు మీద పొర పరవాలి. నేరుగా ప్రయోగశాలలోకి పోయి, పద్నాలుగు మంది చూస్తుండగా ఓబుళమ్మను పిలిచాను.

"తలకు నూనె రాసుకుని వస్తున్నావా?"

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "నేను తలకు నూనె పెట్టి నాలుగేండ్లయింది మేడం. ముట్టుకోని చూడు" అంటూ తల వంచింది.

"ముట్టుకుంటే నా చేతికీ అంటుకుంటుంది."

"అబద్ధం ఆడే వయసా నాది?"

"తొట్టి అబద్ధం ఆడదు ఓబుళమ్మా. రేపటి నుంచి రావద్దు."

ఆమె తెల్లకోటు విప్పి, మడతపెట్టి స్టూలు మీద ఉంచి వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు ఏ బాధా కలగలేదు, ఇప్పుడు దాచి లాభం లేదు. పెద్ద పనికి ముందు ఇల్లు ఊడ్చుకున్నట్టే అనిపించింది.

పదో తేదీ పొద్దున చెరువుకు బయలుదేరే ముందు అలవాటు ప్రకారం ఒక తొట్టి పెట్టి చూశాం. పొర కట్టలేదు. రంగు నీళ్ళు రంగు నీళ్ళలాగే ఉండిపోయాయి, త్రాసు ముల్లు కిందికి దిగుతూ పోయింది. ఇంకో తొట్టి పెట్టాం, అదీ అంతే. పొర కట్టని రంగును చెరువులో పోస్తే ఊరి తాగునీళ్ళన్నీ నీలం అవుతాయి. ప్రయాణం ఆపేశాను.

ఆ తర్వాత పది రోజులు నేను చేయని పని లేదు. రంగు కొత్తగా వండాను, నీళ్ళు మార్చాను, దీపాలు మార్చాను, ఏసీ మెకానిక్కును పిలిపించి చీవాట్లు పెట్టాను. నా సమీకరణాలు చెప్పినంత చల్లగా గదిని ఉంచి, అందరినీ స్వెట్టర్లు వేసుకోమన్నాను. ఇంతియాజ్ ఒకసారి "ఆ కొవ్వు గురించి..." అని మొదలుపెట్టాడు. "కొవ్వు పోయింది కదా, ఇంకా దాని మాటెందుకు?" అన్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

బొమ్మగుండ్లపల్లి సర్పంచు గోవిందప్ప రోజూ ఫోను చేసేవాడు. తిట్టేవాడు కాదు, అదే ఇంకా కష్టంగా ఉండేది.

"మేడం, ఇయ్యాల చెరువులో ఇంగో మెట్టు బయటపడింది."

"రేపు వస్తాం గోవిందప్పా."

"సరే మేడం. రేపు ఇంగోటి పడుతుంది, చూసుకోండి."

పంతొమ్మిదో తేదీ ఆదివారం. ప్రయోగశాలలో పొద్దున్నే మరో తొట్టి పాడుచేసుకుని, చేతులకు అంటిన నీలంతోనే ఇంటికి వచ్చాను. మా ఆడపడుచు కాన్పుకు వచ్చి మూడు నెలలైంది. పెరట్లో మా అత్తగారు పీట మీద కాళ్ళు చాపుకుని, పసిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానానికి సిద్ధం చేస్తోంది. ముందుగా నడినెత్తిన మెత్తగా ఉండే మాడు మీద ఆముదం అద్ది, ఆ చేతిని పక్కనున్న బేసిన్లో ముంచి తీసింది. నేను కొళాయి దాకా పోయే ఓపిక లేక, అదే బేసిన్లో చేతులు కడిగాను.

"ఆ నీళ్ళు బిడ్డకు పెట్టుకున్నవే! కండ్లు కనపడలేదా?" అని అత్తగారు గయ్యిమంది.

బేసిన్లో నీళ్ళు నీలమయ్యాయి. చూస్తుండగా ఆ నీలం అడుగు నుంచి పైకి లేచింది. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోగా కింద నీళ్ళు తేటపడి, బేసిన్ అడుగున ఉన్న సొట్ట కూడా కనిపించింది. పైన నీలి రేకు ఒకటి ఎండకు మెరుస్తూ నిలిచింది. బేసిన్ను కొంచెం వంచితే పాల మీద మీగడలా ముడతపడి, మళ్ళీ సర్దుకుంది.

బేసిన్ పక్కనే గచ్చు మీద కూర్చుని ఇంకోసారి వంచి చూశాను.

రంగు అణువులు రాళ్ళు. రాళ్ళు ఎంత బాగా పేర్చినా మధ్యలో సందులుంటాయి, గోడ నిలవాలంటే బురద కావాలి. ఆముదం ఆ బురద. ముందుగా అది నీటి మీద పల్చగా పరుచుకుంటే, కింది నుంచి వచ్చిన రంగు దాని సందుల్లో ఇరుక్కుని గట్టిపడుతుంది. నా రంగు ఒంటరిగా ఎన్నడూ పొర కట్టలేదు. ఎనభై మూడు సార్లూ ఎవరి చేతి ఆముదమో కట్టింది.

"అత్తా, ఈ ఆముదం ఎక్కడిది?"

"మీ ఓబుళమ్మ తెచ్చిచ్చిందే కదా, పాప పుట్టినప్పుడు. సొంతంగా వండినది. వాళ్ళింట్లో కూడా పసిబిడ్డే, రోజూ పొద్దున తనే మాడుకు అద్ది బస్సెక్కుతాదంట. అడుగంటింది, ఇంగో సీసా తెమ్మని చెప్పు."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడం అనే సామెతను నేను అప్పటిదాకా నవ్వడానికే వాడాను. ఓబుళమ్మ తలకు నూనె లేదు. నిజమే చెప్పింది. మనవడి మాడుకు అద్దిన అరచేతిని సబ్బుతో కడుక్కుని వచ్చినా, వేళ్ళ గీతల్లో మిగిలినది తొట్టి అంచుకు అంటేది. అన్నం తిని చేయి కడుక్కునేసరికి అదీ పోయేది. అందుకే మధ్యాహ్నం పొర కట్టేది కాదు. నా రెండు పేజీల సమీకరణాలు తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

మందుల దుకాణంలో ఆముదం సీసా కొని ప్రయోగశాలకు పరిగెత్తాను. పొర కట్టింది కానీ దీపం కింద పది నిమిషాలకే చిట్లిపోయింది. వంటాముదమే కావాలి. గింజలు దోరగా వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించినప్పుడు నూనెలో వచ్చే మార్పు ఏదో ఉంది. అదేమిటో ఈ రోజుకీ పూర్తిగా తెలియదు, తెలుసుకుంటాను. అప్పుడు మాత్రం చేయగలిగింది ఒక్కటే. జీపు తీసుకుని బొమ్మగుండ్లపల్లికి పోయాను.

ఓబుళమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నాగవేణి బిడ్డను ఎత్తుకుని గడపలో నిలబడింది. నన్ను చూసి ఓబుళమ్మ లేవలేదు. "కూకో మేడం" అని చేట పక్కకు జరిపింది.

నేను అంతా చెప్పాను. తప్పు నాదని, పది రోజులు పోయాయని, కిలో ఆముదం కావాలని ఒక్క గుక్కలో చెప్పేశాను.

"కిలోనా? నూరెకరాలకా?" నాగవేణి నమ్మలేదు.

"చాలు. ఒక్క అణువు మందమే కదా."

ఓబుళమ్మ చేతిలోని గింజను పక్కకు వేసింది. "నూనె ఇస్తా. ఊరి నీళ్ళకు బేరం పెట్టేదాన్ని కాదు. రేపు మధ్యాహ్నానికి వండుతా, నీ మనుషుల్ని పంపు. నా మాట వేరే ఉంది."

"చెప్పు."

"యాడ అన్నావో ఆడనే చెప్పాల. ఎవరి ముందర అన్నావో వాళ్ళ ముందరనే చెప్పాల. ఈ వాకిట్లో చెప్తే నాకు చెవికెక్కదు."

సోమవారం పొద్దున ఏడు గంటల బస్సుకు ఆమె చిన్న సీసా పట్టుకుని దిగింది. పద్నాలుగు మందినీ నేనే పిలిచాను. "ఓబుళమ్మ తలకు నూనె లేదు. ఆమె నిజం చెప్పింది, నేను నమ్మలేదు. ఈ పొర నేను కనిపెట్టాననుకున్నాను, సగం కనిపెట్టింది ఆమె చెయ్యి" అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో నేను తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆమె తల పంకించి, సీసా మూత తీసి, సూది మొనతో ఒక్క చుక్క తొట్టిలో వేసింది. నేను రంగు పోశాను. త్రాసు ముల్లు నిలిచిపోయింది.

ఆ మధ్యాహ్నం వాళ్ళ వాకిట్లో ఊరి ఆడవాళ్ళంతా చేరారు. గింజలు వేయించే పొగకు కళ్ళు మండాయి. రోట్లో దంచిన ముద్ద పెద్ద గంగాళంలో ఉడుకుతుంటే నూనె పైకి తేలింది. ఓబుళమ్మ గరిటెతో దాన్ని మెల్లగా తీసి వేరే గిన్నెలో పోసుకుంది. నీటి పైపొరను అంత నేర్పుగా ఎత్తడం నాకు చేతకాదు. ఇంతియాజ్ పక్కన కూర్చుని పుస్తకంలో రాసుకున్నాడు.

ఇరవై ఒకటో తేదీ సూర్యోదయానికి తెప్ప మీద ఓబుళమ్మ ఆముదం చల్లుకుంటూ పోయింది. వెనక తెప్పలో నేను గొట్టంతో నీలిని నీటి అడుగుకు వదిలాను. గంటలో నూరెకరాలు నీలమై అద్దంలా చదునుగా పరుచుకున్నాయి. గట్టు మీద జనం ఈలలు వేశారు. ఆ క్షణంలో నాకంటే సంతోషంగా ఉన్న మనిషి ఈ భూమి మీద లేదు.

అయితే ఆ పొర తేలిగ్గా నిలవలేదు. సబ్బు తగిలితే అది కరిగిపోతుంది కాబట్టి చెరువులో బట్టలుతకడం మాన్పించాం, గొడ్లను దింపడం మాన్పించాం, బిందె ముంచడం కూడా మాన్పించి గొట్టాల ద్వారా అడుగు నీళ్ళే ఇచ్చాం. పుట్టినప్పటి నుంచి చెయ్యి పెట్టిన చెరువును ఊరు రెండు నెలలు ముట్టకుండా కాపలా కాసింది. నీటిమట్టం రోజూ కొలిచాం. మనుషులు తాగినంతే తగ్గింది. ఎండ ఒక్క గుక్క కూడా తాగలేకపోయింది.

జూన్ పదిహేడున నీళ్ళు అయిపోయాయి. వాన ఇరవై మూడున వచ్చింది.

ఆ ఆరు రోజులు నేను ఊర్లోనే ఉన్నాను. ట్యాంకర్లు తెచ్చిన బోరు నీళ్ళు ఉప్పు కషాయం. మూడో రోజుకు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఓబుళమ్మ మనవణ్ణి ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచాల్సి వచ్చింది. బిడ్డ కోలుకున్నాడు, కానీ అల్లుడు భయపడిపోయాడు. ఐదో రోజు నలభై ఇళ్ళవాళ్ళు మూటలు కట్టుకుని బెంగుళూరు లారీలెక్కారు. అందులో నాగవేణి వాళ్ళూ ఉన్నారు. చెరువు నిండాక ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళు తిరిగి వచ్చారు. నాగవేణి వాళ్ళు మాత్రం రాలేదు. అల్లుడికి అక్కడ ఒక కట్టడం దగ్గర పని, ఉండటానికి రేకుల గది దొరికాయట.

జూలైలో ఊర్లో సభ పెట్టారు. ముప్పై రోజుల నీళ్ళను అరవై ఎనిమిది రోజులు నిలిపిన ఘనత అని ఒక పెద్దమనిషి కాగితం చూసి చదివాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. నేను మైకు తీసుకున్నాను.

"పొర పదో తేదీన పడి ఉంటే తొంభై రోజులు వచ్చేవి. వాన డెబ్బై నాలుగో రోజున వచ్చింది. పదహారు రోజుల నీళ్ళు మిగిలి ఉండేవి. పదకొండు రోజులు నా మొండితనం వల్ల ఎండ పాలయ్యాయి. మీరు ఉప్పునీళ్ళు తాగిన ఆరు రోజులూ నావే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దమనిషి దగ్గాడు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టి కిందికి దిగాను. ముందు వరసలో ఓబుళమ్మ కూర్చుని ఉంది.

"నాకు ముందే తెలుసు మేడం" అంది. "ఆ పదకొండు రోజులూ గట్టు మీద కూకోని మెట్లు లెక్కపెట్టినా. నువ్వు చెప్తావో, ఆ పెద్దమనిషి కాగితం మాదిరే మింగేస్తావో అని చూస్తాంటి."

చెప్పాక గుండె తేలికైందా అంటే కాలేదు. అయినా నా పని మీద నమ్మకం తగ్గలేదు. నా సమీకరణాలు అచ్చు వేసిన పత్రికకు సవరణ పంపాను, అందులో ఓబుళమ్మ పేరు నా పేరు పక్కన ఉంది. వచ్చే వేసవికి పదహారు ఊళ్ళవాళ్ళు తమ చెరువులకు పొర అడిగారు. పదహారింటి మీదా పొర నిలుస్తుంది, అందులో నాకు రవ్వంత అనుమానం లేదు.

వచ్చే సోమవారం నుంచి పనికి వస్తానని ఓబుళమ్మ ఒప్పుకుంది. తొట్లు కడగడానికి కాదు, ఆముదం వండించే పని మొత్తం ఆమెదే. జీతం గురించి అడగలేదు. నెలకు రెండు రోజులు సెలవు మాత్రం కావాలంది, బెంగుళూరు పోయి మనవణ్ణి చూసి రావడానికి. పోను ఒక రోజు, రాను ఒక రోజు. నేను మూడు రోజులని రాసి సంతకం పెట్టాను.